దసరా తరువాత బడి తెరిచే బుధవారం

నేను పదవీ విరమణ చేయడానికి నాలుగేళ్ల ముందు, జూన్ నెలలో జరిగిన బదిలీల కౌన్సెలింగులో, చెన్నూరుకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా వెళ్లాను. మా శాఖలో నా హోదాను ఎల్.ఎఫ్.ఎల్. ప్రధానోపాధ్యాయురాలు అంటారు. ఆడవాళ్లలో అక్షరాస్యత తక్కువగా ఉన్న ప్రాంతాల చిన్న బడుల కోసం ఏర్పాటైన పోస్టులవి. హోదా పేరు పొడుగే గాని, పని మాత్రం మూడో తరగతికి లెక్కలు చెప్పడం దగ్గర నుంచి, మధ్యాహ్న భోజనంలో పప్పు ఉడికిందా లేదా అని గరిటెతో చూడడం, సాయంత్రం గేటుకు తాళం వేయడం దాకా అన్నీ మనమే.

ఆ బడిలో ఇరవై ఆరుగురు పిల్లలు, రెండు గదులు, ఒక వరండా, ఒక వంటగది. నాతో పాటు సరిత అనే ఉపాధ్యాయిని ఉండేది. వంట పోశవ్వ చేసేది. పోశవ్వకు యాభై ఏళ్లు దాటాయి. ఆ ఊరి కోడలుగా వచ్చి ముప్పై అయిదేళ్లయిందని, ఊళ్లో ఎవరి పెళ్లి ఏ వానాకాలంలో జరిగిందో తనకు నోటికి వచ్చని చెప్పేది. అది నిజమే. పిల్లల పుట్టినతేదీలు దొరకనప్పుడు నేను ఆమెనే అడిగేదాన్ని.

దసరా సెలవులకు ముందు తల్లిదండ్రులకు ఒక సూచనల కాగితం పంపడం ప్రతి బడిలోనూ ఉన్న పద్ధతి. నేను దాన్ని చేత్తో రాసి, చెన్నూరులో జిరాక్సు తీయించేదాన్ని. అందులో ఏముంటుందో బడితో సంబంధం లేనివారికి తెలియకపోవచ్చు. తంగేడు, గునుగు పూలకోసం పిల్లలను చెరువు కట్టల మీదికి ఒంటరిగా పంపవద్దు. బతుకమ్మను నీళ్లలో వదిలేటప్పుడు చిన్నపిల్లల చెయ్యి పట్టుకోండి. నీళ్లు నిలిచిన డబ్బాలు, టైర్లు బోర్లించండి. రెండో జత యూనిఫాం కొలతలు సెలవుల తరువాత తీసుకుంటారు. ఎక్కాలు, చేతిరాత రోజుకు ఒక పేజీ. సెలవుల తరువాత అర్ధ సంవత్సర పరీక్షలు. చివరి అంశం, బడి తెరిచే తేదీ. దాని కింద రెండు గీతలు గీసేదాన్ని.

మొదటి ఏడాది అలాగే గీశాను. బడి తెరిచిన రోజు తొమ్మిది మంది వచ్చారు. శనివారం అది. సోమవారానికి అందరూ వచ్చేశారు. ఆ శనివారం ఖాళీ గదిలో కూర్చొని, చదువు మీద శ్రద్ధ లేదు వీళ్లకు అని సరితతో అన్నాను. ఆమె రెండేళ్లుగా అక్కడ ఉంది. ప్రతిసారీ ఇంతే కాదు మేడమ్, ఒక్కోసారి ఫుల్లుగా వస్తరు అంది. ఆ మాటను నేను అప్పుడు పట్టించుకోలేదు.

పట్టించుకోవలసి వచ్చింది మరుసటి సంవత్సరం సెప్టెంబరులో. జిల్లా కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ముప్పై మంది కంటే తక్కువ పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలన్నింటిలో, దసరా తరువాత బడి తెరిచే రోజున, బయటి మండలాల అధికారులు వచ్చి పిల్లలను స్వయంగా లెక్కిస్తారు. కొన్ని బడులు కాగితం మీద పేర్లు ఎక్కువ చూపిస్తున్నాయన్న అనుమానం దీని వెనుక ఉంది. ఇరవైకి తక్కువ తేలితే ఆ బడిని పక్క ఊరి బడిలో విలీనం చేసే ప్రతిపాదన పైకి వెళుతుంది. ఆ రోజు స్థానిక సెలవు ఏదీ ఇవ్వరాదని కూడా అందులో ఉంది. మా శాఖలో ప్రతి ప్రధానోపాధ్యాయుడికీ ఏడాదిలో కొన్ని రోజులు, మండల విద్యాధికారి అనుమతితో, ఊరి అవసరాన్ని బట్టి సెలవు ఇచ్చుకునే వీలుంటుంది. ఆ దారి కూడా మూసేశారన్నమాట.

మా పక్క ఊరి బడి వాగు అవతల ఉంది. వాగు మీద ఉన్నది కాజ్‌వే మాత్రమే. వానాకాలంలో దాని మీద మోకాలి లోతున నీళ్లు పారతాయి. పెద్ద పిల్లలు ఎలాగో దాటుతారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలు తొమ్మిది మంది ఉన్నారు మాకు. బడి అక్కడికి పోతే జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ తొమ్మిది మంది ఇంట్లోనే ఉంటారని నాకు తెలుసు, ఊరికీ తెలుసు. పోశవ్వ మనుమరాలు శ్రావణి ఆ తొమ్మిది మందిలో ఒకతె, ఒకటో తరగతి. బడి పోతే పోశవ్వ వంట పని కూడా పోతుంది. సరితను ఎక్కడికి పంపుతారో తెలియదు.

బడి తెరిచే తేదీ బుధవారం పడింది.

అప్పుడు సరిత కిందటేడు అన్న మాట గుర్తుకొచ్చింది. ఒక్కోసారి ఫుల్లుగా వస్తారంటే, ఏ ఒక్కోసారి? ఇనుప పెట్టెలో పాత హాజరు పట్టీలు ఉన్నాయి. పదకొండేళ్లవి దొరికాయి. రెండు సాయంత్రాలు వాటిని వరండాలో పరిచి, ప్రతి ఏడాదీ దసరా తరువాత మొదటి రోజు ఎంతమంది వచ్చారో రాసుకున్నాం. ముందు వానలు అనుకున్నాను, కుదరలేదు. పత్తి ఏరడం మొదలైన ఏడాది అనుకున్నాను, అదీ కుదరలేదు. పత్తి ఆలస్యమైన ఏడాది కూడా పిల్లలు రాలేదు. దసరా ముందుగా వచ్చిన ఏడాదా, ఆలస్యంగా వచ్చిన ఏడాదా అని చూశాను. లాభం లేదు.

హాజరు పట్టీ చూసినవారికి తెలుసు, అందులో ఆదివారాల గడిని పై నుంచి కింది దాకా ఎర్ర సిరాతో గీస్తారు. పట్టీలన్నీ పక్కపక్కన పెట్టి ఉంచాం గనుక, రెండో సాయంత్రం ఒక సంగతి నా కంటికి ఆనింది. పిల్లలు నిండుగా వచ్చిన సంవత్సరాల్లో మొదటి రోజు గడి ఆ ఎర్ర గీత దాటిన వెంటనే ఉంది, లేదా దానికి ఒక గడి అవతల ఉంది. రాని సంవత్సరాల్లో అది ఎర్ర గీతకు మూడో గడిలోనో, ఆరో గడిలోనో ఉంది. అంటే బుధవారం, శనివారం. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. ముప్పై ఏళ్లకు దగ్గరగా సర్వీసు చేసి ఇలాంటి లెక్క ఒకటి ఉంటుందని ఎన్నడూ ఊహించలేదు. అయితే కారణం మాత్రం నాకూ తెలియలేదు, సరితకూ తెలియలేదు. ఆమెకు ఇంకా పెళ్లి కాలేదు. నేను పుట్టి పెరిగింది వేరే పద్ధతిలో.

ఆ సంగతి ఇక్కడ చెప్పాలి. మా బాపు హుజూరాబాద్ దగ్గర ఒక చిన్న క్రైస్తవ సంఘంలో ఉపదేశి. వాక్యం చదవడం, పాటలు ఎత్తుకోవడం, సంఘంలో ప్రకటనలు చెప్పడం ఆయన పని. నేను అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు, ఆయన ఒళ్లో కూర్చొని వాక్యం మీద వేలు పెట్టి. వారాలు, వర్జ్యాలు చూడకూడదని మాకు చిన్ననాటి నుంచీ చెప్పారు. ఏ రోజైనా దేవుడు చేసిన రోజే. అందువల్ల మా ఇంట్లో ఎవరూ మంగళవారం అని ప్రయాణం ఆపింది లేదు. అలా ఆపే ఇళ్లలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న ఆసక్తీ నాకు ఎప్పుడూ కలగలేదు. ఇరుగుపొరుగు ఇళ్లలో అరవై ఏళ్లకు దగ్గరగా జరుగుతున్న సంగతి నాకు తెలియకపోవడానికి కారణం అదే.

మర్నాడు పొద్దున పోశవ్వ బియ్యం చెరుగుతుంటే అడిగాను, బుధవారం, శనివారం బడి తెరిస్తే పిల్లలు ఎందుకు రారని. ఆమె చేట ఆపి నా ముఖం చూసింది.

"ఏంది మేడమ్, గిదొక సవాలా? బుధారం పొద్దుగాల్ల బడికి రావాల్నంటె మంగళారం నాడు ఎల్లాలె. మంగళారం ఆడివిల్లను అవ్వగారింట్లకెల్లి ఎవ్వలు తోలుతరు? సుక్కురారం ఎవ్వలు తోలుతరు? లక్ష్మి ఎల్లిపోయినట్టే గదా!"

అంతే కథ. బతుకమ్మకు ఆడపిల్లలందరూ పుట్టింటికి పోతారు. పిల్లలను వెంట తీసుకుపోతారు. పుట్టింటివారు వాళ్లను మంగళవారం గాని, శుక్రవారం గాని తిరిగి పంపరు. నేను రెండు గీతలు గీసిన కాగితం తండ్రి ఇంటికి చేరుతోంది. ఆ తేదీ వచ్చేసరికి పిల్లవాడు ఉన్నది అమ్మమ్మ ఇంట్లో. వాణ్ని పంపాలా వద్దా అని నిర్ణయించే మనిషి నా కాగితాన్ని చూడనే చూడలేదు.

పరిష్కారం నాకు చాలా తేలిగ్గా కనిపించింది. సోమవారమే బయలుదేరి రండి అని రాస్తే సరిపోతుంది. సెలవులకు నాలుగు రోజుల ముందు తల్లుల సమావేశం పెట్టాను. కాగితం పంచి ఊరుకోకుండా, మా బాపు సంఘంలో ప్రకటనలు చెప్పే తీరులో చెప్పాను. ఆయన ప్రతి ప్రకటనా మూడుసార్లు చెప్పేవాడు. ఆరాధనకు ముందొకసారి, తరువాత ఒకసారి, జనం చెప్పులు వేసుకుంటుండగా ఇంకోసారి. లెక్కింపు గురించి, ఇరవై మంది గురించి, వాగు గురించి చెప్పాను. సోమవారం రావాలని చెప్పాను. వచ్చిన పద్నాలుగు మంది తల్లులూ శ్రద్ధగా విన్నారు. వినడం అయ్యాక వేళ్ల మీద లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టారు.

లక్ష్మి అనే ఒక తల్లి, ఇద్దరు పిల్లలు మా బడిలోనే, లేచి నిలబడింది. "సద్దుల బతుకమ్మ బేస్తారం. మేము గంతకు ముందు ఐతారం ఎల్తం మేడమ్. ఐతారం ఒకటి, సోమారం రెండు…" అని ఎనిమిది వేళ్లు మడిచి తొమ్మిదో వేలు నాకు చూపించింది. "సోమారం తొమ్మిదో దినం పడ్తది. పోయిన తొమ్మిదో నాడు మర్లి రావద్దు గదా."

అయితే ఆదివారమే రండి అన్నాను.

అందరూ ఒక్కసారి నవ్వారు. దసరా శనివారం. తెల్లారి ఆదివారం అన్నదమ్ములు యాటను, అంటే మేకనో పొట్టేలునో కోస్తారు. "యాట కూర ఉడుకుతుంటె బండెక్కుమంటున్నరు మేడమ్, మా తమ్ముడు మళ్ల మాట్లాడ్తడా నాతోని?" అని ఎవరో వెనుక నుంచి అన్నారు. "బుధారం దినం ఎల్లుతం. బేస్తారం పొద్దుగాల్ల తొమ్మిదింటికి పిల్లలు బడిల ఉంటరు. మీరు ఫికర్ జెయ్యకుండ్లి" అని లక్ష్మి నాకు ధైర్యం చెప్పింది.

నాకు ఓపిక పోయింది. రోజులన్నీ ఒక్కటే, ఒక రోజు మంచిదీ ఇంకో రోజు చెడ్డదీ ఎలా అవుతుంది, మీ పిల్లల బడి పోతుంటే వారం చూస్తారా అన్నాను. నా గొంతు పెరిగిందని నాకే తెలిసింది.

వంటగది గడప మీద కూర్చున్న పోశవ్వ మెల్లగా అంది, "అట్లయితె కిందటి జనవరిల ఐతారం ట్రైనింగుకు రమ్మంటె మీరెందుకు పోలే మేడమ్?"

తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సరిత బోర్డు వైపు తిరిగింది. పోశవ్వ అన్నది నిజం. ఆదివారం పెట్టిన ఒక శిక్షణకు రాలేనని, ఆ రోజు ఆరాధన ఉంటుందని, మండల విద్యాధికారికి నేను ఉత్తరం రాశాను. నా సర్వీసులో ఆరాధన మానుకొని ఆదివారం బస్సెక్కిన రోజు ఒక్కటీ లేదు. రెండూ ఒకటి కాదని నేను వాళ్లకు చెప్పగలిగేదాన్ని. నా మట్టుకు నేను ఇప్పటికీ రెండూ ఒకటి కాదనే నమ్ముతాను. కాని ఆ గడప మీద కూర్చున్న మనిషికి బయట నుంచి చూస్తే ఎలా కనిపిస్తుందో ఆ క్షణంలో అర్థమైంది. నేను కూడా నవ్వాను. సమావేశం అక్కడితో ముగిసింది.

లెక్కింపును ఒక్కరోజు వెనక్కి జరపమని అడగడానికి చెన్నూరు వెళ్లి మండల విద్యాధికారిని కలిశాను. పదకొండేళ్ల పట్టిక చూపించాను. ఆయన దాన్ని నిజంగానే ఆసక్తిగా చూశాడు. ఆ తరువాత, "మేడమ్, మంగళవారం ఆడపిల్లను పంపరని నేను జిల్లా ఆఫీసుకు లెటర్ రాయాల్నా? నన్ను నవ్వులపాలు జేస్తరా?" అన్నాడు. ఆయన తప్పు లేదు. ఆ ఉత్తర్వు వచ్చిన రూపంలో దాన్ని మార్చే అధికారం ఆయన స్థాయిలో లేదు.

సెలవులు వచ్చాయి, అయిపోయాయి. బుధవారం ఎనిమిదిన్నరకే బడికి చేరాను. తొమ్మిదింటికి మా పిల్లలు పదకొండు మంది వచ్చారు. తల్లి పుట్టిల్లు అదే ఊళ్లో ఉన్నవాళ్లు, ఆ ఏడు పండుగకు పోనివాళ్లు, తండ్రి పట్టుబట్టి వెనక్కి తెచ్చుకున్న ఒకడు. శ్రావణి రాలేదు. మీ కోడలికి ఫోన్ చేశావా అని పోశవ్వను అంతకు రెండు రోజుల ముందే అడిగాను. "నా బిడ్డను నేను మంగళారం తోలను. గామె అవ్వ మాత్రం గామె బిడ్డనెట్ల తోల్తది? నేనే నోరు దెరిచి అడుగుడా?" అంది. తన మనుమరాలి బడి, తన పని రెండూ పోతాయని తెలిసీ ఆ ఫోన్ చేయలేదు. ఆమె కూతురు ఇద్దరు పిల్లలతో ఇంకా పోశవ్వ ఇంట్లోనే ఉంది.

తొమ్మిదింపావుకు పోశవ్వ గేటు దగ్గర నుంచి నన్ను పిలిచింది. వెళ్లి చూస్తే పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. తలలు దువ్వి, పౌడరు రాసి. తొమ్మిది మంది. ఒక్కరూ మా బడి పిల్లలు కారు. అందరూ ఆ ఊరి ఆడపిల్లల పిల్లలు, పండుగకు అమ్మమ్మ ఇళ్లకు వచ్చినవాళ్లు. మంగళవారం కదలనివాళ్లు ఆ ఊళ్లోనూ ఉన్నారు మరి. మా పిల్లలు ఎవరి ఊళ్లోనో ఉన్నారు, ఎవరి పిల్లలో మా ఊళ్లో ఉన్నారు.

"పదకొండు, తొమ్మిది. ఇరవై" అంది పోశవ్వ. బయటి మండలం నుంచి వచ్చే మనిషి ఎవరినీ గుర్తు పట్టడని, రాని పిల్లల పేర్లు పిలిస్తే ఎవరు పలకాలో రాత్రి కూర్చోబెట్టి నేర్పానని చెప్పింది. వరుసలో మొదట నిలబడ్డవాడు ఆమె కూతురి కొడుకు, రెండో తరగతి వయసు. వాడు పోశవ్వ కొంగు లాగి, "అమ్మమ్మా, ఇయ్యాల నా పేరేంది?" అని అడిగాడు.

నేను ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకున్నాను. నాకు ఆశ పుట్టలేదని చెబితే అబద్ధమవుతుంది. ఇరవై ఆరు పేర్లూ నిజమైనవే. ఆ పిల్లలు ఉన్నారు, రేపు వస్తారు. ఇది లేని పిల్లలను చూపించడం కాదు, ఒక్కరోజు సర్దుబాటు. మోకరించి ప్రార్థన చేశాను. కొత్త సంగతి ఏదీ తోచలేదు. చిన్నప్పుడు బాపు ఒళ్లో నేర్చుకున్నదే, అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞే గుర్తుకొచ్చింది. దానితో పాటు ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్న. నేను ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని, పిల్లలకు తమ పేరు తాము రాయడం నేర్పడం.

బయటికి వచ్చి కుదరదని పోశవ్వకు చెప్పాను. ఆమె చేతులు నడుము మీద పెట్టుకుంది. "మీ నీతికి మా బడి పోవాల్నా?" అంది. సరిత పోశవ్వ పక్కకు వెళ్లి నిలబడింది. అదే ఆమె అభిప్రాయం అనుకున్నాను.

పోశవ్వ పిల్లలను తిరిగి తీసుకుపోబోతుంటే ఆపాను. కుతూహలం వల్లనే ఆపాను, అప్పటికి పెద్ద ఆలోచన ఏదీ లేదు. ఈ తొమ్మిది మంది ఏ ఏ బడుల వాళ్లో తెలుసుకోవాలనిపించింది. వరండాలో కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడిగి తెల్లకాగితం మీద రాశాను. సొంత పేరు, తరగతి, బడి ఉన్న ఊరు, ఈ ఊళ్లో ఎవరి మనుమడు లేదా మనుమరాలు. పోశవ్వ మనుమడు తన పేరు చాలా గట్టిగా చెప్పాడు. తొమ్మిది మంది ఆరు బడులకు చెందినవాళ్లు. ఒకరు మంథని వైపు, ఇద్దరు కోటపల్లి వైపు, మిగతావాళ్లు చుట్టుపక్కల. అన్నీ చిన్న బడులే. రాయడం పూర్తయ్యాక అర్థమైంది, ఆ ఆరు బడుల్లో కూడా ఈ ఉదయం లెక్క తక్కువే వస్తుందని. ఇక్కడ కూర్చున్న పిల్లవాడు అక్కడ ఉండడు కదా.

తనిఖీ అధికారి పదకొండు గంటలకు మోటారు సైకిలు మీద వచ్చాడు. ఆయన వేరే మండలంలో ఒక కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయుడు. కాంప్లెక్స్ అంటే పది పదిహేను చిన్న బడులకు కలిపి ఒక ఉన్నత పాఠశాలను పెద్ద దిక్కుగా పెట్టే ఏర్పాటు. ఆయన మా పిల్లలను నిలబెట్టి, పేరు, తండ్రి పేరు, ప్రవేశ సంఖ్య పట్టీతో సరిచూసుకుంటూ లెక్కించాడు. పదకొండు. ఫారంలో పదకొండు అని అంకెలోనూ అక్షరాల్లోనూ రాశాడు. వరండాలో ఉన్న తొమ్మిది మందిని చూసి వీళ్లెవరు అని అడిగాడు.

నేను రెండు కాగితాలు ఆయన ముందు పెట్టాను. పదకొండేళ్ల మొదటిరోజుల పట్టిక ఒకటి, తొమ్మిది మంది జాబితా ఒకటి. ఆయన కళ్లద్దాలు పైకి తోసి రెండూ చదివాడు. పట్టికలో రెండు సంవత్సరాలు అనుమానం వచ్చి పాత పట్టీలు తెప్పించి సరిచూశాడు. తరువాత జాబితాలో ఉన్న ఒక ఊరి పేరు మీద వేలు పెట్టి, అక్కడ లెక్కకు తన స్నేహితుడు పోయాడని ఫోన్ చేశాడు. అవతలి గొంతు మాకూ వినపడింది.

"ఏం లెక్క సారూ, బడిల ఏడుగురున్నరు. గోడ మీద కూసున్నోళ్లు పదిమందున్నరు. ఎవల పోరగాండ్లురా అంటె, మేము గీ బడోళ్లం గాదు సార్ అంటున్నరు."

అధికారి ఫోన్ పెట్టేసి కాసేపు నవ్వాడు. మధ్యాహ్నం భోజనం మాతోనే చేశాడు. పోశవ్వ కోపంగానే వడ్డించింది. రెండోసారి పప్పు అడుగుతూ, "మా ఇంట్ల గూడ గదే కథ. ఆమె రేపొస్తది. నాలుగొద్దులసంది హోటల్లనే తింటున్న" అన్నాడు. దాంతో పోశవ్వ మూడోసారి అడగకుండానే వడ్డించింది.

కాని ఆయన పదకొండును మార్చలేదు. మార్చమని నేను అడగలేదు. "నా పని తలలు లెక్కవెట్టుడు మేడమ్. గీ ఫారంల వారానికి కాలమ్ లేదు" అన్నాడు. రిమార్కుల గడిలో, రెండు జాబితాలు జతపరచబడినవి, పరిశీలించవలసినది అని రాసి సంతకం చేశాడు. ఆయన చేయగలిగింది అంత. అంత చేయని అధికారులు చాలామంది ఉంటారు.

గురువారం ఉదయం తొమ్మిదింటికి ఇరవై నాలుగు మంది వచ్చారు. లక్ష్మి తన ఇద్దరు పిల్లలను గేటు దాకా తెచ్చి, లోపలికి తొంగి చూసి, లెక్క అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందన్నాను. ఆమె ముఖం దించుకొని వెళ్లిపోయింది. శ్రావణి కొత్త గాజులు చూపించింది. ఆ రోజు హాజరు నకలు పైకి పంపాను. తనిఖీలో లేని తేదీ గనుక పరిగణనలోకి తీసుకోలేమని జవాబు వచ్చింది. విలీనం ప్రతిపాదనల జాబితా మండల కార్యాలయంలో చూశాను. మా బడి పేరు అందులో ఉంది.

తరువాతి అయిదు వారాలు పోశవ్వ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఊళ్లో కొందరు, మేడమ్ ఒప్పుకుంటే బడి దక్కేది అన్నారని సరిత చెప్పింది. వాళ్లు అన్నదాంట్లో అబద్ధం లేదు. రోజూ ప్రార్థనలో ఒకటి, రెండు తరగతుల ఆ తొమ్మిది మంది చిన్నపిల్లల పేర్లు చెప్పుకునేదాన్ని. అంతకు మించి చేయగలిగింది కనిపించలేదు.

నవంబరులో ఒక సోమవారం, ముందు చెప్పకుండా, ఇద్దరు అధికారులు మళ్లీ లెక్కకు వచ్చారు. మొదటి లెక్కలో జిల్లా అంతటా చిన్న బడులన్నీ ఒకేలా సగానికి పడిపోవడంతో, ఆ లెక్కను పక్కన పెట్టి తిరిగి తీయిస్తున్నారని చెప్పారు. మా జాబితా ఎవరైనా చదివారా, లేక అంకెలు చూసి వాళ్లకే అనుమానం వచ్చిందా అని అడిగాను. తమకు తెలియదన్నారు. నాకూ ఈనాటికీ తెలియదు. ఆ రోజు ఇరవై మూడు మంది ఉన్నారు. ముగ్గురు పత్తి ఏరడానికి పోయారు. బడి నిలిచింది. అధికారులు వెళ్లాక పోశవ్వ నా కోసం విడిగా చాయ పెట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది.

పదవీ విరమణ దాకా మిగిలిన రెండేళ్లలో నేను రెండు మార్పులు చేశాను. జూన్‌లో ప్రవేశాలు రాసుకునేటప్పుడు అమ్మమ్మ ఊరు, అక్కడి ఫోన్ నంబరు కూడా ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. దసరా సూచనలను ఆ ఇళ్లకు ఫోన్‌లో చదివి వినిపించాం. బడి తెరిచే రోజు బుధవారమో శనివారమో పడితే, ముందే దరఖాస్తు పెట్టి ఆ రోజుకు ఒక స్థానిక సెలవు వాడుకున్నాను. అలా ఒక్కసారే వాడవలసి వచ్చింది. దానికి బదులు ఒక రెండో శనివారం బడి నడిపాం.

ఈ అనుభవం నాకు నేర్పింది ఇది. తల్లిదండ్రులకు పంపే కాగితంలో ఒక సూచన ఏటా అమలు కాకపోతే, దాని కింద ఇంకో గీత గీయడం వల్ల ఉపయోగం లేదు. ముందు పాత రికార్డు తీసి చూడాలి, ఆ తరువాత ఆ ఇళ్ల మనుషులను అడగాలి. ఆ క్రమంలోనే. రికార్డు చూడకుండా అడిగితే ఏం అడగాలో తెలియదు. అడగకుండా రికార్డు మాత్రమే చూస్తే కారణం తెలియదు. వాళ్లు చెప్పే కారణాన్ని మనం నమ్మనక్కరలేదు. నేను నమ్మలేదు. కాని బడి పని దినాలను నిర్ణయించేటప్పుడు దాన్ని వాన లెక్కించినట్టు లెక్కించాలి. ఇక లెక్క తక్కువ వచ్చిన రోజున, తక్కువనే రాసి, ఎందుకు తక్కువో పక్కన జతపరచాలి. బడి దక్కుతుందన్న హామీ అందులో లేదు. మాకు దక్కింది, విలీనం జాబితాలో ఉన్న మరో రెండు బడులకు దక్కలేదు.